ఎర్రకుంట గుడి, కంచె అవతలి సమాధులు

బందరు నుంచి ఎర్రకుంటకు పనిగట్టుకుని వెళ్లేవాళ్లెవరూ ఉండరు. పటాన్‌చెరులో బస్సు దిగి కర్దనూర్ వైపు ఎర్రమట్టి దారిలో వెళితే వచ్చే చిన్న పేట అది. చూడ్డానికి కోట లేదు, మొక్కుకోవడానికి పేరున్న క్షేత్రం కాదు. ముప్ఫై గడపలు, ఒక రాతిగుడి, దాని వెనక కాస్త దూరంలో సమాధులు. ఆ సమాధుల్లో ఒకటి మా అమ్మది. అందుకని వెళ్లాను.

మా నాన్న ఆ గుడికి ఉపదేశి. బిషప్పుల కింద నడిచే మా సంఘంలో చిన్న ఊళ్లకు పాదిరిగారు నెలకోసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం ఇచ్చి వెళతారు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడపడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పోయినవాళ్లను మట్టిచేయడం, అన్నీ ఉపదేశి పనే. నిజాం కాలంలో మా జిల్లా సంఘంవాళ్లు నాన్నను పెళ్లైన కొత్తలోనే అంత దూరం పంపారు. నేను అక్కడే పుట్టాను. నాకు రెండేళ్లప్పుడు అమ్మ జ్వరంతో అక్కడే పోయింది. నాన్న నన్నెత్తుకుని బందరు వచ్చేశాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు, మళ్లీ అటు వెళ్లలేదు. "మీ అమ్మ ఎర్రకుంటలో ఉంది" అనేవాడు, పుట్టింటికి వెళ్లిన మనిషి గురించి చెప్పినట్టు.

నాన్న పోయిన మరుసటి ఏడు మా సంఘ మాసపత్రిక చివరి పేజీలో నాలుగు వరుసల వార్త వచ్చింది. ఎర్రకుంట చుట్టుపక్కల భూమి ఫ్యాక్టరీ కోసం తీసుకున్నారట. గుడి కూడా త్వరలో ఖాళీ చేయాలట. నేను బడిపంతులమ్మను. వేసవి సెలవులు. సంచీలో రెండు చీరలు, ప్రార్థనల పుస్తకం, పొట్లం కాఫీపొడి పెట్టుకుని బయలుదేరాను.

పటాన్‌చెరు

హైదరాబాదులో బస్సెక్కేసరికే ఎండ ముదిరింది. ప్రత్యేక రాష్ట్రం కోసం రెండు ఉద్యమాలు, వాళ్లదొకటి మాదొకటి, చల్లారి ఎంతో కాలం కాలేదు. టికెట్ అడగడానికి నోరు తెరవగానే నా యాస విని పక్కనున్నావిడ కొంగు సర్దుకుని కిటికీ వైపు జరిగింది. కండక్టరు మాత్రం నవ్వాడు.

"ఏ ఊరమ్మా, గుంటూరా?"

"బందరండీ."

"కంపినీల కొల్వుకు వచ్చిన్రా? మీ దిక్కోళ్లందరు ఈడికే వస్తున్నరు."

"కాదండీ, మా అమ్మను చూడ్డానికి" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "మంచిదమ్మ" అని టికెట్ చింపి ఇచ్చాడు.

రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలు కోసేసిన నేలలు. వాటి మధ్య సున్నం పూసిన హద్దురాళ్లు, సగం లేచిన గోడలు, రేకుల షెడ్లు, ఇనుప గొట్టాల గుట్టలు. ఎవరో "పటాన్‌చెరు" అని కేకేస్తే దిగిపోయాను. తీరా చూస్తే అది ఒక స్టేజీ ముందు. నడవబోతే చెప్పు ఉంగటం తెగింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు కాలే రోడ్డు మీద. చెట్టు కింద ముంజలమ్మే ఆమె నన్ను చూసి జాలిపడి రెండు ముంజలు చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

"ఎర్రకుంట ఎటమ్మా? గుడి ఉంటుంది, సమాధుల తోట ఉంటుంది..."

"తోటనా? ఈ ఎండలకు తోటలేడియమ్మ!" అని కాసేపు ఆలోచించి, "ఓ, బొందలగడ్డనా? గట్ల చెప్పరాదు" అంది.

మా వైపు 'నీ బొంద' అంటే తిట్టు. ఇక్కడ బొంద అంటే సమాధే, అందులో ఏ వెటకారమూ లేదని నాకు అప్పుడు తెలియదు. మా అమ్మ ఉన్నచోటికి ఆ పేరు విని గుండెలో ఎక్కడో గుచ్చుకుంది.

అసలైన పటాన్‌చెరు బస్టాండులో యేసోబుగారు నాకోసం పొద్దుటి నుంచీ కూర్చున్నారు. ఇప్పటి ఉపదేశి ఆయనే. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, మోకాళ్ల కిందికి పంచె. నా ఉత్తరం జేబులో మడిచి పెట్టుకున్నారు. నా మొహంలోకి చూసి, "మీ నాయిన మొకమే" అన్నారు. "నేను మీ నాయిన దగ్గరనే ఓనమాలు దిద్దిన టీచరమ్మ. ఇరవై పైసల చాయ్ తాగి పోదాం, నడ్వాలె."

చాయ్ సాసర్లో పోసుకుని తాగడం అక్కడి మర్యాద. నేను మూతి కాల్చుకున్నాను. ఆయన నా తెగిన చెప్పుకు పురికొస కట్టి, నా సంచీ నెత్తిన పెట్టుకుని ముందు నడిచారు.

ఎర్రకుంట

గుడి నేననుకున్నదానికంటే చిన్నది. చెక్కని రాళ్ల గోడలు, పైన కూనపెంకులు. గంట లేదు. వేపకొమ్మకు రైలుపట్టా ముక్క వేలాడదీసి ఇనుప కడ్డీతో మోగిస్తారు. లోపల మగవాళ్లకు ఎడమవైపు, ఆడవాళ్లకు కుడివైపు గోనెపట్టాలు. మా బందరు గుడిలో బల్లలున్నాయి, పంకాలున్నాయి. ఇక్కడున్న కుర్చీ ఒక్కటే. సంస్కారపు బల్ల పక్కన తెల్లగుడ్డ కప్పి ఉంది. అది బిషప్పుగారిది. ఎదిగిన పిల్లల తలల మీద చేతులుంచి సంఘంలో దృఢీకరణ ఇవ్వడానికి ఆయన ఎన్నో ఏళ్లకోసారి వస్తారు. ఆ నడుమ దాని మీద ఎవరూ కూర్చోరు. వారం వారం గుడ్డ ఉతికి మళ్లీ కప్పుతారు.

"ఈ కొత్త బిషప్పయ్య ఇంకా రాలే" అన్నారు యేసోబుగారు. "వస్తడు వస్తడు అన్నరు. ఇగ గుడి పోతున్నంక వస్తడేమో."

ఆ రాళ్లను కరువు ఏడాదిలో పేటవాళ్లే మోసుకొచ్చారట. ఆడవాళ్లు నెత్తి మీద, మగవాళ్లు కావిళ్లలో. అప్పటి జాగీర్దారు గుర్రం మీద వచ్చి, కొరడాతో నేల మీద గీత గీసి, "ఇక్కడి నుంచి అక్కడి దాకా మీరు కట్టుకోండి, అటువైపు మీ శవాల్ని పెట్టుకోండి" అన్నాడట. అంతే. కాగితం లేదు. దొర నోటిమాటే కాగితం అనుకున్న రోజులు. ఇప్పుడు సర్కారు లెక్కల్లో ఆ సమాధుల నేల బంజరు. ఫ్యాక్టరీకి ఇచ్చిన భూమిలో అదీ కలిసిపోయింది. గుడికి మాత్రం కోతల వరకు గడువిచ్చారు.

రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. రొట్టె విరవడం చేతకాక నేను అవస్థ పడుతుంటే యేసోబుగారి భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది. నేను తెచ్చిన కాఫీపొడిని వాళ్లు దగ్గుమందు అనుకుని జాగ్రత్తగా దాచారు.

మర్నాడు పొద్దున్నే గుడి పెట్టె తీసి చూపించారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, మూడు పుస్తకాలు. నాన్న దస్తూరి వెంటనే గుర్తుపట్టాను. నా బాప్తిస్మం ఆయనే రాశాడు. కలరా వచ్చిన నెల సమాధుల పుస్తకంలో ఒక పేజీ పూర్తిగా నిండి రెండో పేజీలోకి పోయింది. ఆ పేర్లన్నీ ఒకే సిరాలో, ఒకే చేత్తో. మరో నాలుగు పేజీల తర్వాత మా అమ్మ పేరు. వయసు ఇరవై రెండు. 'వృత్తి' అన్న గడిలో 'ఉపదేశి భార్య' అని రాసి, 'పూడ్చినవారు' అన్న గడిలో తన సంతకమే పెట్టాడు. భార్యను తానే మట్టిచేసి, ఇంటికొచ్చి ఆ వరుస రాశాడన్నమాట. ఆ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

కంచె దగ్గర

అమ్మ సమాధి ఎక్కడుందో తెలిసిన మనిషి పేటలో ఒక్కతే మిగిలింది. ఆమె ఎల్సవ్వ. ఎలీసబెతు అన్న పేరు అక్కడి నోళ్లలో అలా అరిగింది. మంత్రసాని. నన్ను ఈ లోకంలోకి లాగిన చేతులు ఆమెవే. నడుము వంగింది కానీ గొంతు ఖణీమంటోంది.

"నీ తల్లికి నేనే నీళ్లు పోసిన, నేనే చీర కట్టిన" అంది నా చెంపలు రెండూ పట్టుకుని. "పోదాం పా బిడ్డా. సూపిస్త."

మధ్యాహ్నం కావస్తోంది. సాయంత్రం వెళదామని యేసోబుగారు అన్నారు. నలభై ఏళ్లు ఆగినదాన్ని ఇంకో నాలుగు గంటలు ఆగలేకపోయాను. "దగ్గరే కదా, వెళ్లొచ్చేస్తాం" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

దగ్గరేం కాదు. చెట్టు లేని నేల. ఆమె చేతికర్ర పొడుచుకుంటూ నడిచింది, నేను పురికొస చెప్పుతో ఈడ్చుకుంటూ నడిచాను. బొందలగడ్డ చుట్టూ ముళ్లతీగ కంచె, కొత్తది, ఎండలో మెరుస్తోంది. గేటుకు తాళం. కాపలావాడు షెడ్డు నీడలోంచి హిందీలో అరిచాడు, లోపలికి వెళ్లొద్దని. మేం తీగ ఇవతలే నిలబడ్డాం.

"ఈస్టరు పొద్దున మేమందరం గిట్లనే నిలబడ్డం బిడ్డా" అంది. "ఏటేట లోపటికి పోయి సున్నం ఏసి, బొందకో మైనపొత్తి పెట్టి, పాట పాడేటోళ్లం. ఈ ఏడు ఈడనే, ఈ తీగల పొంటి పెట్టినం వత్తులు. గాలికి నిలవలే."

తర్వాత కర్ర ఎత్తి తీగల మధ్య నుంచి చూపించింది. "గా పెద్ద రాయి దాని పక్క నా మొగడు. గా పక్క నా ఇద్దరు పిల్లగాండ్లు, ఒక్క బొందలనే. వాళ్ల కాళ్లకాడ, పలక లెక్క రాయి ఉన్నది సూడు, దాని మీద సిలువ గీసి ఉంటది... గదే మీ అమ్మ."

నాకు సిలువ కనిపించలేదు. పలకలాంటి రాయి మాత్రం కనిపించింది. తీగల్లో తల దూర్చి చాలాసేపు చూశాను. అమ్మ ఎలా ఉండేది, ఏం పాడేది, పోయేముందు ఏమంది, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాను. ఎల్సవ్వ అన్నిటికీ నిలబడే జవాబు చెప్పింది. నా గొడుగు నా నెత్తి మీదే ఉంది. ఆమెకు పట్టాలన్న ఆలోచనే రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు అంది, "నన్ను మల్ల గాడనే పెట్టాలె. నా పిల్లల పక్కన. యేసోబుకు చెప్పిన. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు గూడ చెప్పు."

చెబుతానన్నాను.

శనివారం పొద్దున

సాయంత్రానికే ఆమెకు వాంతులు మొదలయ్యాయి. ఉల్లిపాయ రసం, మజ్జిగ, తడిగుడ్డ, అన్నీ చేశారు. తెల్లవారకముందే పోయింది. వడదెబ్బ అని అందరికీ తెలుసు. ఎవరూ నావైపు చూడలేదు. నాకు నీళ్లు తెచ్చిచ్చారు, కూర్చోమన్నారు. ఆ మర్యాద నేను భరించలేకపోయాను.

రైలుపట్టా ముక్కను ఆగి ఆగి మోగించారు. గుడి వరండాలో చాప మీద పడుకోబెట్టి వేపాకు కప్పారు. యేసోబుగారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి గంటలో తిరిగొచ్చారు. కాపలావాడు తాళం తీయనన్నాడు. ఫ్యాక్టరీ కట్టిస్తున్న ఇంజినీరు, పెద్దదొర చెబితే తప్ప కుదరదన్నాడు.

"వేరే చోటు లేదా?" అన్నాను.

"ఏడున్నదమ్మ? ఊరోళ్ల కాడ్లకు మనల్ని రానియ్యరు. పటాన్‌చెరు పక్క బొందలగడ్డ వేరే సంఘపోళ్లది, వాళ్లు ఒప్పుకునేటాళ్లకు రేపు అయితది. ఈ ఎండకు ఆగుతదా?" ఆయన నుదురు తుడుచుకున్నారు. "ఆ దొర మీ దిక్కు మనిషేనట, గుడివాడో ఏందో. ఎగువన పెద్ద కాలనీల ఉంటడు. మీ మాట ఇంటడేమో, జెర రాన్రి."

కాలనీ

కాలనీ చూస్తే మా కృష్ణాజిల్లాను ఎవరో ముక్కగా కోసి ఈ రాళ్లలో అతికించినట్టుంది. గడపలకు పసుపు, వాకిట్లో ముగ్గులు, పెరట్లో గోంగూర మడి, ఇంట్లోంచి ఇంగువ వాసన. యేసోబుగారు గేటు బయటే ఆగిపోయారు. "మీరు పోన్రి" అన్నారు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

ఇంజినీరుగారి భార్య నా మాట వినగానే మొహం విప్పారించింది. "బందరా అండీ! మా పిన్నిగారిది ఈడేపల్లేనండీ. కూర్చోండి, కూర్చోండి. ఇక్కడ మన మాట వినక ఎన్నాళ్లయిందో!" కూరలు దొరకవంది, నీళ్లు ఉప్పగా ఉంటాయంది, కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనొచ్చిన పని చెప్పాను, ఎర్రకుంట గుడి, మా నాన్న, శవం. ఆవిడ మాట అక్కడ ఆగింది. లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. భర్తకు స్టీలు గ్లాసు, నాకు గాజు గ్లాసు. కొత్తేం కాదు. బందరులోనూ ఆ గాజుగ్లాసు నాకు తెలుసు. తాగాను. తాగకపోతే పని చెడుతుంది.

ఇంజినీరుగారు చెడ్డమనిషి కాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి, కళ్ల కింద నలుపు. "నాకూ బాధగానే ఉందండీ" అన్నాడు. "కానీ ఒకసారి తీస్తే రేపు ఇంకొకరు, ఎల్లుండి ఇంకొకరు. పైవాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి. ఒక పని చేద్దాం. కాగితం రాసిస్తాను. మీ సంఘపెద్ద సంతకం పెడితే ఇవాళ్టికి గేటు తీయిస్తాను."

కార్బను పెట్టి ఇంగ్లీషులో రాశాడు. నేను చదివాను. మూడు షరతులు. ఇవాళ్టి శవం తప్ప ఇక ఎవరినీ అక్కడ పూడ్చకూడదు. ఆ నేల మీద సంఘానికి ఏ హక్కూ లేదు. మూడోది, ఉన్న సమాధుల్ని కంపెనీ తన అవసరాన్ని బట్టి చదును చేసుకోవడానికి సంఘానికి అభ్యంతరం లేదు.

"ఈ మూడోది తీసేయండి" అన్నాను.

"తీసేస్తే ఇది పనికిరాదండీ. పైకి పంపాల్సిన కాగితం. మాట వరసకే అనుకోండి, ఇవాళా రేపా చేస్తారు! నేనుండగా చేయించను." కాగితం నా వైపు జరిపాడు. "మధ్యాహ్నం దాటితే నేను హైదరాబాదు వెళ్లిపోవాలి. మీ ఇష్టం."

బయట యేసోబుగారు కాలనీ గోడ నీడలో, గోడకు ఆనుకోకుండా నిలబడి ఉన్నారు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది.

"ఏం రాసిన్రమ్మ?"

"ఇవాళ ఎల్సవ్వను పెట్టుకోవచ్చు. ఇకముందు అక్కడ ఎవరినీ పెట్టకూడదు. నేల మనదని అడగకూడదు."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత అడిగారు.

"మరి ఉన్నోళ్లు?"

వరండాలో వేపాకు కింద ఉన్న మనిషి నా కళ్లలో ఉంది. ఆమెను ఎండలోకి తీసుకెళ్లింది నేను. నిజం చెబితే ఈయన సంతకం పెట్టడు. పెట్టకపోతే ఆమె ఆ వరండాలోనే ఉబ్బిపోతుంది. ఇదంతా ఆలోచించి చెప్పానని కూడా అనలేను. నోటికి అదే వచ్చింది.

"ఉన్నవాళ్లు ఉంటారు" అన్నాను.

ఆయన గోడ మీద కాగితం ఆనించి, నాన్న నేర్పిన గుండ్రటి అక్షరాలతో తెలుగులో సంతకం చేశారు. కింద సాక్షిగా నేను చేశాను.

బొందలగడ్డ

మూడు గంటలకు గేటు తీశారు. మా వైపు శవం ముందు డప్పు కొట్టడం క్రైస్తవులు ఏనాడో మానేశారు. ఇక్కడ పాటకు డప్పే దరువు. ఇద్దరు ముసలివాళ్లు నెమ్మదిగా కొడుతుంటే ఆడవాళ్లు కీర్తన ఎత్తుకున్నారు. నేల రాయిలా ఉంది. గడ్డపార దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. ఎల్సవ్వను పిల్లల పక్కనే పెట్టాలని తవ్వారు, లోతు చాలలేదు, పైన రాళ్లు పేర్చారు.

యేసోబుగారు పుస్తకం చూడకుండానే సమాధి క్రమమంతా చెప్పారు. ఆయన గొంతులో నాన్న గొంతు వినిపించింది. మాటల మధ్య ఆగడం, దీర్ఘాలు, అన్నీ నాన్నవే. తలా పిడికెడు మట్టి వేశాం. అయ్యాక మగవాళ్లు కంచె పక్కన కూర్చుని కల్లు తాగారు. యేసోబుగారు చూడనట్టు మొహం తిప్పుకున్నారు.

నేను అమ్మ రాయి దగ్గరికి వెళ్లాను. దుమ్ము తుడిస్తే నిజంగానే సిలువ గీత ఉంది, వంకరగా, మేకుతో గీసినట్టు. దాని మీద చెయ్యి పెట్టాను. రాయి కాలిపోతోంది. ఏడుపు రాలేదు. ఈ రాయి సంగతి కూడా నేను సంతకం పెట్టిన కాగితంలో ఉందని మాత్రమే తెలుస్తోంది. పేట ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ తమ బొందల దగ్గర కూర్చుని ఎండిన గడ్డి పీకుతున్నారు. ఇకముందు రానివ్వరేమో అని కొందరు చెంగుల్లో మట్టి మూట కట్టుకున్నారు. ఒకామె నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాకపోతే మా అవ్వకు ఈ జాగ దొరక్కపోవు బిడ్డా" అంది.

ఆదివారం

పాదిరిగారు సంగారెడ్డి నుంచి సైకిల్ మీద వచ్చారు. సన్నటి మనిషి, మలేరియాతో మొహం పచ్చబారి ఉంది. తెల్ల అంగీ ఒంటి మీద వదులుగా వేలాడింది. ఎనిమిది ఊళ్లకు ఆయనొక్కరే.

కానుక పళ్లెంలో చిల్లర తక్కువ, పిడికెడు జొన్నలు పెట్టినవాళ్లే ఎక్కువ. సంస్కారానికి ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసం. రొట్టె మాత్రం పటాన్‌చెరు బేకరీది. కరువులో బేకరీ రొట్టె దొరక్క జొన్నరొట్టెతోనే ఇచ్చాననీ, ఆ సంగతి బిషప్పుగారికి రాయలేదనీ ఆయన తర్వాత నాతో చెప్పారు. మరణించినవారి కోసం చేసే ప్రార్థనలో ఎల్సవ్వ పేరు చదివారు. ఆ తర్వాత, నేను అడగలేదు, మా అమ్మ పేరు, మా నాన్న పేరు చదివారు. యేసోబుగారు చీటీ రాసిచ్చారట.

పాపాల ఒప్పుకోలు ప్రార్థన అందరం కలిసి చెప్పాం. నేను పెదాలు కదిపాను. సంస్కారం తీసుకోవడానికి ముందుకు వెళ్లకుండా గోనెపట్టా మీదే కూర్చున్నాను. ఒంట్లో బాగోలేదనుకున్నారు.

సంగారెడ్డి

సోమవారం సమాధుల పుస్తకంలోంచి అమ్మ వరుసకు నకలు రాయించుకోవడానికి ఆ పుస్తకం పట్టుకుని పాదిరిగారితో సంగారెడ్డి వెళ్లాను. జిల్లా ఊరు. కచేరీల ముందు చెట్ల కింద అర్జీలు రాసేవాళ్లు, వాళ్ల చుట్టూ భూములు పోయినవాళ్లు. కొల్లూరు వాళ్లట కొందరు, సుల్తాన్‌పూర్ వాళ్లట కొందరు. గుంపులో ఎవరో ముసలాయన "పైసలు గాదయ్యా, జాగకు జాగ రాయి" అని అర్జీలాయనతో తగువు పడుతున్నాడు.

పాదిరిగారి ఇంట్లో జావ తాగాం. ఆయన నకలు రాస్తూ రాస్తూ తల ఎత్తకుండా అడిగారు.

"ఆ కాగితం మీరు చదివారట. సమాధుల గురించి ఏమైనా ఉందా అందులో?"

అంత తేలిగ్గా అడిగారు. అంత తేలిగ్గానే చెప్పేయవచ్చు. ఇంజినీరుగారి దగ్గరికి ఆయన వెళ్లేవారేమో, బిషప్పుగారికి రాసేవారేమో, ఏదో ఒకటి అయ్యేదేమో.

"ఇకముందు పెట్టొద్దన్నారు, అంతే" అన్నాను.

ఆయన సంతకం చేసి, సిరా ఆరేదాకా కాగితం ఊది నా చేతికిచ్చారు.

తిరిగొచ్చాక

వానలు పడి బడులు తెరిచాక యేసోబుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇంజినీరు బదిలీ మీద వెళ్లిపోయాడు. కొత్తాయన నేల చదును చేసే యంత్రం తెప్పించాడు. పేటంతా వెళ్లి యంత్రానికి అడ్డంగా నిలబడితే కాగితం తీసి చూపించారు, పట్వారీ చదివి చెప్పాడు. ఒక్కరోజులో సాపు చేసేశారు. "ఎముకలు ఏరుకుందమంటే ఎవలియి ఎవలియో తెల్వలే. ఎల్సవ్వది కొత్తది గన్క గుర్తుపట్టినం. గుడి వెనక పెట్టినం. గుడి కూడ పోతది, గప్పుడు సూద్దాం" అని రాశారు. చివర్లో నాకోసం మూడు వరుసలు: "ఇంగ్లీషుల పెద్ద పెద్ద మాటలు ఉంటయి, టీచరమ్మకు సమజ్ కాక ఉంటది అని సంఘంల నేనే చెప్పిన. మిమ్ముల ఎవ్వరు తప్పు పడతలేరు. ప్రతి ఆదివారం మీ పేరు ప్రార్థనల చదువుతున్నం."

నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను.

బందరులో మా పాదిరిగారికి చెప్పుకున్నాను. ఆ స్థితిలో ఎవరైనా అంతే చేస్తారన్నారు, క్షమాపణ మాటలు పలికారు. మనసు కుదుటపడలేదు. పది రోజులు ఆగి యేసోబుగారికి ఉన్నదున్నట్టు రాశాను. మూడో షరతు చదివాననీ, అర్థమయిందనీ, ఆయన అడిగినప్పుడు అబద్ధం చెప్పాననీ, సంగారెడ్డిలో ఇంకోసారి చెప్పాననీ. ఈ యాత్ర గురించి ఇప్పుడు రాస్తున్నదీ అందుకే. ఎర్రకుంట ఇకముందు ఎవరూ చూడలేని ఊరు. అదెలా పోయిందో రాసేటప్పుడు నా వంతు కూడా రాయాలి.

రెండు నెలలకు కార్డు వచ్చింది. అదే గుండ్రటి దస్తూరి.

"మీ ఉత్తరం అందినది. సంఘంల చదివి వినిపించలేదు. ఎల్సవ్వ పానం పోయి పడి ఉండె, మీరు పరేషాన్ల ఉంటిరి, నాకు ఎరికే. నిజం చెప్పి ఉంటే నేను సంతకం పెడుదునో పెట్టకపోదునో నాకే తెల్వది. కాని నన్ను అడగవలసి ఉండె. మా అవ్వ, మా నాయిన, నా ఇద్దరు బిడ్డలు గాడనే ఉండిరి."